గిన్నె అడుగున ఇంద్రధనుస్సు

ఇత్తడికీ రాగికీ చింతపండు, వెండికి విభూది అంటూ వెనకటి పెద్దవాళ్ళు ఒక్కో లోహానికీ ఒక్కో వైద్యం చెప్పి వెళ్ళారు. స్టెయిన్‌లెస్ స్టీలు ఊసు మాత్రం ఎత్తలేదు. వాళ్ళ రోజుల్లో అది వంటింటి గడప తొక్కలేదు మరి! 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రేర్లీ అనే ఆయన, తుపాకీ గొట్టాలు అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతూ దీన్ని తయారుచేశాడట. తుపాకీ కోసం పుట్టింది కాస్తా, పాత చీరలకు మారుబేరంగా మన వీధుల్లోకి వచ్చింది. కళాయి వేయించక్కర్లేదు, చిలుం పట్టదు, మచ్చ పడదని పేరులోనే ఉంది కదా అని మా అమ్మల తరం మురిసిపోయింది.

కాని మచ్చ లేదని పేరుపడ్డవాళ్ళ మీదే లోకం కళ్ళన్నీ ఉంటాయి. పాలగిన్నె అడుగునో, స్టవ్వు బర్నరు చుట్టూనో పసుపుగా మొదలై ఊదా, నీలం తిరిగే మచ్చ కనబడగానే ఇల్లాలి ప్రాణం చివుక్కుమంటుంది. మా పక్కింటి పిన్నిగారు ఆ మచ్చ చూపించి పనిపిల్లను రోజూ సాధించేవారు. పాపం, ఆ పిల్ల ఇనప పీచు పెట్టి వేళ్ళు కందిపోయేలా తోమేది. మచ్చ పోలేదు సరికదా, గిన్నె నిండా గీతలు పడ్డాయి.

అది మురికైతే కదండీ, తోమితే పోవడానికి! ఈ స్టీలులో నూటికి పదిపాళ్ళకు పైగా క్రోమియం ఉంటుంది. అది గాలి తగిలి కంటికి కనబడనంత పల్చటి పొర కడుతుంది. గిన్నెకి తుప్పు పట్టకుండా కాపాడేది ఆ పొరే. సెగ ఎక్కువైతే పొర మందమవుతుంది. అప్పుడు దానిమీద పడిన వెలుగు, సబ్బుబుడగ మీద లాగే రంగురంగులుగా కనిపిస్తుంది. అంతే సంగతి!

దానికి కావలసింది కండబలం కాదు, పులుపు. గిన్నె చల్లారాక నిమ్మరసమో వెనిగరో మెత్తటి గుడ్డతో రాసి, అయిదు నిమిషాలాగి కడిగి, తడి లేకుండా తుడిచెయ్యండి. ఇత్తడికి కలిపినట్టు ఉప్పు మాత్రం కలపకండి. ఉప్పు నిలవుంటే స్టీలుకి సూదిమొనలంత గుంటలు పడతాయి. బ్లీచింగు పౌడరుదీ అదే గుణం. అన్నం మాడి అంటుకుంటే అది వేరే కథ. అందులో నీళ్ళుపోసి, వంటసోడా వేసి మరిగిస్తే ఊడివస్తుంది.

ఓ మధ్యాహ్నం ఆ పిల్లకి నిమ్మచెక్క ఇచ్చి ఇదంతా చెప్పాను. మర్నాడు పరుగున వచ్చి, "పోయిందండీ అమ్మగారూ! మరి ఇన్నాళ్ళూ మా అమ్మగారు నన్ను తిట్టిందెందుకండీ?" అంది. ఏం చెప్పను?

ముదురు నీలం మచ్చ ఒక్కోసారి పులుపుకీ పూర్తిగా లొంగదు. లొంగకపోతే పోనిద్దురూ! ఆ గిన్నెలో పాలు ఎప్పటిలాగే కాగుతాయి. తోమే చేతిని మాత్రం ఏమీ అనకండి.