పెదపారుపూడి డొంకలో నీలి పెట్రోలు

బందరులో గుడివాడ రైలెక్కి, పెడన దాటిన తరువాత కిటికీలోంచి చూస్తే కంటికి అడ్డం వచ్చేది ఏమీ వుండదు. కొండ లేదు, గుట్ట లేదు. ఆకాశం యెక్కడ వంగితే పొలం అక్కడిదాకా. సంక్రాంతి రోజుల్లో ఆ పొలాన్ని చూడటం ఒక ముచ్చట. వరి కోసిన మోళ్ళ మధ్య మినుము పచ్చగా తలలెత్తి వుంటుంది. మా డెల్టా రైతు వరి కోత కోయకముందే, నేలలో తడి ఆరకుండా, నిలిచివున్న చేలోనే మినుములు చల్లేస్తాడు. పెద్దకొడుకు యిల్లు విడిచి వెళ్ళేసరికి చిన్నకొడుకు బాధ్యత నెత్తిన వేసుకున్నట్లు, వరి కళ్ళానికి చేరేసరికి మినుము చేనుని ఆక్రమించుకుంటుంది.

నేను వెళుతున్నది పెదపారుపూడి. మా అక్కయ్య అత్తవారి వూరు. పండుగకు రమ్మన్నది అక్కయ్య. "మామయ్యా, రెండు రోజులు ముందుగా రా, నీతో పని వుంది" అన్నది మేనల్లుడు. పండుగ ముందు మేనల్లుడికి మేనమామతో యేం పని వుంటుందో తెలియనంత అమాయకుణ్ణి కాను. జేబు ఒకసారి తడిమి చూసుకుని మరీ రైలెక్కాను.

గుడివాడ స్టేషను బయట వాడు మోటారు సైకిలుతో నిలబడి వున్నాడు. రోడ్డుమీద మనం రోజూ చూసే బండి కాదది. పొడుగాటి కాళ్ళ గుర్రంలా వుంది. ముందు మడ్‌గార్డు చక్రానికి జానెడు యెత్తున కొంగముక్కులా సాగి వుంది. టైర్లకు వేలెడు గాట్లు. గుంటల్లో, బురదలో, దారి లేనిచోట నడవటానికి చేసిన బండి అట. పాతది కొన్నాడు.

"యెక్కు మామయ్యా" అన్నాడు. యెక్కడానికి నాకు ఒకరి సాయం కావలసి వచ్చింది.

గుడివాడ నుంచి మా దారి పడమరగా పోతుంది. పెట్రోలు బంకు కనిపించింది. వాడు ఆగలేదు. "టాంకీలో వుందా?" అన్నాను. "కొద్దిగా వుంది. ఇకమీదట దీనికి బంకు పెట్రోలు పోయను. పందెపు పెట్రోలు తెప్పించాను" అన్నాడు గాలిలోకి అరుస్తూ. నాతో వున్న పని యేమిటో అప్పుడే సగం అర్థమైంది.

పెదపారుపూడి అనగానే తెలుగువారికి గుర్తు వచ్చేది రామోజీరావుగారు. 1936లో ఆయన పుట్టింది యీ వూళ్ళోనే. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో 'ఈనాడు' మొదలుపెట్టి, 2024లో కన్నుమూసేనాటికి ఆయన పేరు తెలియని తెలుగు యిల్లు లేదు. ఆయన పేరిటి ఫౌండేషను వూరిని దత్తత తీసుకున్నది. నా చిన్నతనంలో వానాకాలం వస్తే చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన వీధుల్లో యిప్పుడు సిమెంటు రోడ్లున్నాయి. అయితే వూరు దాటి పొలంలోకి దిగే డొంక మాత్రం డొంకే. నల్ల రేగడి. తడిస్తే కాలిని వదలదు, యెండితే గాజుపెంకులా గుచ్చుకుంటుంది. ధాన్యం మోసిన ట్రాక్టర్లు వెళ్ళిన గాళ్ళు మోకాటి లోతున వున్నాయి. మా వాడి పందెం ఆ డొంకలోనే. చేలల్లో మినుము వున్నది గనుక యెవరి చేనూ తొక్కకుండా, డొంక వెంబడి కాలువగట్టు దాకా పోయి రావాలి. కనుమనాడు ఆ చుట్టుపక్కల కుర్రాళ్ళు పెట్టుకున్న సరదా అది.

పశువుల కొట్టంలో వాడు ఆ అమృతభాండాన్ని చూపించాడు. గట్టి యినుప డబ్బా. మూత తీసి, గాజుసీసాలో కొంచెం పోసి వెలుగులో పట్టుకున్నాడు. నీలిమందు కలిపినట్టు నీలంగా వుంది. పట్నంలో పందేలకు వెళ్ళే స్నేహితుడొకడు యిచ్చాడట. బంకు ధరకు అయిదు రెట్లు. యింకా రెండు డబ్బాలు కావాలి. మినుము చేతికి వచ్చేదాకా ఆ సొమ్ము మేనమామ సర్దాలి.

"మన బంకు పెట్రోలు పోస్తే బురదలో బండి యెక్కిళ్ళు పెడుతోంది మామయ్యా. దీని ఆక్టేను వంద!"

యింతలో అక్కయ్య పాలచెంబుతో వచ్చింది. "ఏరా, ఆ డబ్బా ఖాళీ అయితే పారెయ్యకు. గానుగనూనె పోసుకోవడానికి బాగుంటుంది" అని వెళ్ళిపోయింది.

నేను తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. యంత్రాల సంగతి నాకు తెలియదు. కాని చీటీ కనబడితే చదవడం నా జబ్బు. డబ్బామీద '100 ఎల్‌.ఎల్‌.' అని వుంది. అది పందెపు పెట్రోలు కానేకాదు. చిన్న విమానాలలో పోసేది. ఆ రెండు అక్షరాలకూ అర్థం 'తక్కువ సీసం' అని. తక్కువంటే లీటరుకు 0.56 గ్రాము దాకా వుండవచ్చు. మామూలు పెట్రోలుతో పొరబడకుండా నీలిరంగు కలుపుతారు. అక్కయ్య నూనె పోసుకుందామన్నది యీ డబ్బాలోనే. ఆ నూనెతో వండిన కూర తినేది యింట్లో వున్న పిల్లలు. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. యింతవరకు ఫరవాలేదు అని చెప్పగల మోతాదంటూ లేదు. పెట్రోలులో కలిపే సీసమైతే చర్మంగుండా కూడా ఒంట్లోకి దిగుతుంది.

మేనల్లుడు మొహం వాడిపోయింది. అయినా వయసు గదా, పట్టు వదలలేదు. "చేతికి తగలకుండా పోసుకుంటాను. బండి పరుగెత్తాలా వద్దా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవాడు సాయంత్రం వచ్చిన మేస్త్రీ. డీజిలు పంపుసెట్ల కాలంనుంచి వూళ్ళో యింజన్లకు ఆయనే వైద్యుడు. బండి కాగితాలతో వచ్చిన పుస్తకం తెమ్మన్నాడు. "యీ యింజను తొమ్మిదిన్నర పాళ్ళ గాలిని ఒక పాలుగా నొక్కుతుంది. పందెపు యింజన్లు పదమూడు, పద్నాలుగు పాళ్ళు నొక్కుతాయి. అంత నొక్కితే గాలీ పెట్రోలూ వేడెక్కి, స్పార్కుప్లగ్గు అంటించిన మంట చేరకముందే ఓ మూల భగ్గుమంటాయి. రోకలి దిగుతుంటే కిందనుంచి యెవరో రాయి విసిరినట్టు పిస్టనుకు దెబ్బ. ఆ టకటక రాకుండా తట్టుకునే గుణానికి కట్టిన నెంబరు బాబూ, ఆక్టేనంటే" అన్నాడు.

నాకు చప్పున ఒక తెలుగుమాట తోచింది. ఆక్టేను అంటే బలం కాదు, ఓర్పు. నలగగొట్టే యింజనుకు ఓర్పుగల పెట్రోలు కావాలి. మా వాడి యింజను అంతగా నలగగొట్టేది కాదు. 91 చాలునని పుస్తకంలోనే రాసి వుంది. అందులో వంద పోస్తే, ఒకటో తరగతి పిల్లవాడికి ఎం.ఏ. పంతులును పెట్టినట్టే. జీతం దండగ, చదువు అంతే. పైగా సీసం సైలెన్సరులోని పొగ శుద్ధిచేసే భాగాన్ని చంపేస్తుందనీ, అది మార్చాలంటే మినుము డబ్బు చాలదనీ మేస్త్రీ అన్నాడు.

యీ సీసం కథ పెద్దది. 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ అనే ఆయన సీసపు మందు కలిపితే యింజను టకటక ఆగుతుందని కనిపెట్టాడు. 1923లో అమ్మకానికి వచ్చింది. మరుసటి సంవత్సరమే న్యూజెర్సీలో ఆ మందు తయారుచేసేచోట అయిదుగురు పనివాళ్ళు చచ్చిపోయారు. అయినా ప్రపంచమంతా దశాబ్దాలపాటు దాన్నే పీల్చింది. మన దేశంలో రోడ్డు బళ్ళకు సీసం పెట్రోలు ఆగిపోయింది 2000లో. అన్నిటికన్నా చివర ఆపింది అల్జీరియా, 2021లో. చిత్రమేమిటంటే, టకటకను ఆపే గుణం సారాకు కూడా వుందని మిడ్జ్‌లీ కాలానికే తెలుసు. తెలిసి కూడా సీసాన్ని పట్టుకున్నారు.

సారా అన్నాను గనుక వుయ్యూరు గుర్తుకు రావాలి. పెదపారుపూడికి నైరుతిగా వున్న ఆ వూరి కె.సి.పి. చక్కెర మిల్లు కథ వెలగపూడి రామకృష్ణగారితో 1941లో మొదలైంది. నా చిన్నతనంలో చెరకు బళ్ళు బారులు తీరి అటే పోయేవి. వెనక పరుగెత్తి గడ లాక్కున్న పాపం నాకూ కొంత వుంది. చక్కెర తీసిన తరువాత మిగిలే మడ్డిని పులియబెట్టి కాస్తే సారా. నీరు పూర్తిగా తీసేస్తే బళ్ళకు పనికివచ్చే ఎథనాలు. యిప్పుడు చెరకుతోనే కాదు, నూకలతోనూ మొక్కజొన్నతోనూ చేస్తున్నారు. నూటికి ఇరవై పాళ్ళు ఎథనాలు కలిపిన పెట్రోలు మన దేశంలో 2023 ఫిబ్రవరిలో అమ్మకానికి వచ్చింది. 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. ఒకప్పుడు 88గా వున్న మామూలు పెట్రోలు ఆక్టేను, తరువాత 91 అయింది. ఇరవై పాళ్ళ ఎథనాలుతో 95కు పెరిగింది. అంటే మా వాడు పట్నంనుంచి తెప్పించుకున్న ఓర్పులో చాలా భాగం అప్పటికే గుడివాడ బంకులో వుంది. మా చెరకూ మా నూకా చేసే పనికి సీసం యెందుకు? అసలు పందేలలోనూ సారాకు పాత వాడుక వుంది. మట్టి గోదాలో తిరిగే స్పీడ్‌వే మోటారు సైకిళ్ళు నడిచేది మిథనాలుతో. అమెరికాలో ఇండీ కార్లు 2007లో ఎథనాలుకు మారాయి.

"మరి యెక్కిళ్ళ సంగతి?" అన్నాడు మేనల్లుడు.

మేస్త్రీ మాట్లాడకుండా టాంకీ అడుగునుంచి ఒక గాజుసీసా నిండా పెట్రోలు పట్టి, అరుగుమీద పెట్టాడు. కాసేపటికి అందులో రెండు పొరలు తేరాయి. పైన పెట్రోలు. కింద తేటగా వేరే నీళ్ళలాంటి పొర. బండిని తుఫాను రోజుల్లో సగం టాంకీతో కొట్టంలో వదిలేశాడట. ఎథనాలు నీటిని పిలుచుకుంటుంది. నీరు మితిమీరితే, ఆ నీటితో కలిసి పెట్రోలును వదిలి అడుక్కి దిగుతుంది. యింజను తాగేది అడుగునుంచే. పైన మిగిలిన పెట్రోలుకు ఓర్పు కూడా తగ్గుతుంది. యెక్కిళ్ళు పెట్టక యేం చేస్తుంది? గాలి జల్లెడ తీస్తే అరచేతి మందాన రేగడి పట్టివుంది.

ఎథనాలుకు యింకో లోపమూ వుంది. లీటరుకు లీటరు చూస్తే దాని శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. అందువల్ల మైలేజీ కొంత తగ్గుతుంది. మరీ పాత బళ్ళలో కొన్ని రబ్బరు గొట్టాలు మార్చుకోవలసి రావచ్చు. మంచి చెప్పినప్పుడు చెడూ చెప్పాలి గదా. మేస్త్రీ చెప్పిన చికిత్స చిన్నది. వానాకాలం టాంకీ నిండుగా వుంచు. నెలల తరబడి నిలవ పెట్టకు. మూత రబ్బరు చూసుకో. గాలి జల్లెడ కడుగు.

మర్నాడు టాంకీ కడిగి, గుడివాడలో మామూలు పెట్రోలు పోయించుకున్నాం. డొంకలోకి దిగి నన్ను వెనక యెక్కించుకున్నాడు. గాళ్ళలో బండి అటూ యిటూ తూలింది గాని ఒక్క యెక్కిలి లేదు. కాలువగట్టు మీద ఆపి యింజను కట్టేస్తే, నీళ్ళ సవ్వడీ, దూరంగా కోత మిషను మోతా వినిపించాయి. మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "ఆ డబ్బా యిచ్చేస్తాను మామయ్యా. పారబోయడానికి కూడా చోటు లేదుగా. కాలువ నీళ్ళు మనమే తాగాలి" అన్నాడు.

కనుమనాడు పందెంలో వాడు నాలుగోవాడుగా వచ్చాడు. చివరి మలుపులో బురదలో పడ్డాడు. పెట్రోలు తప్పు కాదని వాడే ఒప్పుకున్నాడు. నీలి డబ్బా మూత బిగించుకుని వచ్చిన దారినే పట్నం వెళ్ళిపోయింది. నేను తిరిగి రైలెక్కే ముందు గుడివాడ బజారులో అక్కయ్యకు ఒక కొత్త నూనెడబ్బా కొని పంపించాను. మేనల్లుడికి సర్దవలసిన సొమ్ములో నాకు తగిలిన ఖర్చు అదొక్కటే.