ఎలా ఆరబెట్టారో రాయరు

హైడ్రోజన్ మీద ఏదైనా రాయమని సంపాదకుడు పురమాయిస్తే హైదరాబాద్‌లోని ఒక పరిశోధనశాలకు వెళ్లాను. అక్కడి అధికారి తెర మీద బొమ్మలు చూపించారు. 2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన గ్రీన్ హైడ్రోజన్ మిషన్, దాని 19,744 కోట్లు, తాము కొత్తగా కొన్న ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు. ఆ మైక్రోస్కోపు చూపిస్తానని తీసుకెళ్తుంటే, దారిలో ఓ చిన్న గదిలోంచి ఏడుపు గొంతు వినిపించింది.

"పేపర్లో ఉన్నట్టే చేశానన్నా. అయినా సాయంత్రానికల్లా చచ్చిపోయింది."

చచ్చిపోయింది క్యాటలిస్టు. ఆ అమ్మాయి పీహెచ్‌డీ విద్యార్థిని. ఇథనాల్ ఆవిరిని, నీటి ఆవిరిని కలిపి 500 డిగ్రీల పైన వేడిలో నికెల్ మీదుగా పంపి హైడ్రోజన్ తీయడం ఆమె పని. లెక్క ప్రకారం ఒక ఇథనాల్ అణువుకు 6 హైడ్రోజన్ అణువులు రావాలి. ఆమె గొట్టం బొగ్గుతో పూడుకుపోయింది.

"ఓవెన్ల ఎట్ల పెట్టినవ్?" తలెత్తకుండానే అడిగాడాయన.

"నేరుగా 120లో."

"పొడి మందంగ పోసినవా?"

ఆమె మాట్లాడలేదు. అధికారిని ముందు నడవమని నేనక్కడే స్టూలు లాక్కున్నాను.

ఆయన ల్యాబ్ అసిస్టెంటు. పింగాణీ గిన్నెలో 10 గ్రాముల అల్యూమినా పొడి వేసుకుని, బ్యూరెట్ నుంచి బొట్టు బొట్టుగా నీళ్లు వదులుతూ గాజు కడ్డీతో కలుపుతున్నాడు. బొట్టు పడిన చోట తడి కనిపించీ కనిపించకముందే ఇంకిపోతోంది; పొడి పొడిగానే జారుతోంది. ఉన్నట్టుండి ఒక బొట్టు దగ్గర పొడి కడ్డీకి అంటుకుంది. టక్కున కట్టేశాడు. అరిసెల పిండి పదును పిడికిట్లో పట్టి చూసే మా పెద్దమ్మ గుర్తొచ్చింది. బ్యూరెట్‌లో చూస్తే 5 మిల్లీలీటర్లు. పొడిలోని సన్నటి రంధ్రాలు పట్టేది అంతే. ఇక ఐదున్నర గ్రాముల పచ్చటి నికెల్ నైట్రేట్‌ని ఆ 5 మిల్లీలీటర్లకు మించకుండా కరిగించి, కొత్త పొడికి పట్టించాలి. ఎక్కువైతే మిగిలిన ద్రావణం బయటే ఆరి పెచ్చు కడుతుంది.

అసలు చిక్కు ఆ తర్వాత. వేడి ఒక్కసారిగా తగిలితే నీరు బయటికి పోతూ నికెల్‌ని వెంట లాక్కొచ్చి గింజ అంచున పోగేస్తుంది. కాల్చేటప్పుడు నైట్రేట్ నుంచి గోధుమరంగు పొగ వస్తుంది. పొడి మందంగా ఉంటే ఆ పొగ లోపలే చిక్కుకుని నికెల్ ఆక్సైడ్ కణాలు గడ్డలవుతాయి. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో క్రైన్ డి యోంగ్ బృందం కొద్దిగా నైట్రిక్ ఆక్సైడ్ కలిపిన హీలియంలో కాల్చి, ఇదే ఉప్పు నుంచి చాలా సన్నటి కణాలు రాబట్టింది. గడ్డకట్టిన నికెల్ మీద కార్బన్ త్వరగా పేరుకుంటుంది. పైగా అల్యూమినాకున్న ఆమ్ల గుణం ఇథనాల్‌ని ఇథిలీన్‌గా మారుస్తుంది; ఇథిలీన్ బొగ్గవడానికి ఎంతోసేపు పట్టదు.

ఆయన అల్మారాలోంచి నీలం పొడి ఉన్న సీసా తీశాడు. "ఎవరో 800 మీద కాల్చిండ్రు. నికెల్ పోయి అల్యూమినాల కలిసింది. ఇగ దాన్ని బయటికి గుంజుడు కష్టం."

2004లో మిన్నెసోటాలో లానీ ష్మిట్ బృందం రోడియం, సీరియా (సీరియం ఆక్సైడ్)లతో ఇథనాల్ నుంచి హైడ్రోజన్ తీసి పేరు తెచ్చుకుంది. రోడియం ధర మనకందేది కాదు. చవకైన నికెల్‌తో నెగ్గుకురావాలంటే తయారీ దగ్గరే జాగ్రత్తపడాలి. ఆ తయారీకి పరిశోధన పత్రాల్లో దక్కేది తరచు ఒకటే వాక్యం: ఇంప్రెగ్నేషన్ చేసి (అంటే ద్రావణం పొడికి పట్టించి), రాత్రంతా ఆరబెట్టి, కాల్చాం. పళ్లెంలో పొడి ఎంత మందం, వేడి నిమిషానికి ఎన్ని డిగ్రీలు పెంచారు, గాలి ఎంత పంపారు? చాలామంది రాయరు. మైక్రోస్కోపు బొమ్మలకు మాత్రం పేజీలకు పేజీలు. ఇదంతా చేతి మహత్యమని మురిసిపోవడం నాకు నచ్చదు. ఆయన చేసే ప్రతి పనినీ కొలవచ్చు, రాయవచ్చు. ఆయన రాసుకున్నాడు కూడా, నూనె మరకల నోటుపుస్తకంలో. పత్రాల్లో ఆయన పేరు కృతజ్ఞతల కింద కూడా లేదు.

అధికారి వెతుక్కుంటూ వెనక్కొచ్చారు. ఈయన రిటైరయ్యాక ఈ గదిలో ఎవరుంటారని అడిగాను. పోస్టు ఉండదట, కంపెనీల నుంచి తయారు క్యాటలిస్టులు కొంటారట.

"కొన్నదాన్ని ఎలా ఆరబెట్టారో కంపెనీ చెబుతుందా?"

"అది వాళ్ల రహస్యం కదండీ."

"మరి తయారీని బట్టి పనితీరు ఎలా మారుతుందన్నదే ఈ అమ్మాయి థీసిస్ అట. తను దేని మీద రాయాలి?"

"అది వాళ్ల గైడుని అడగాలి" అన్నారాయన.