కానరాని పనితనము

శిల్పమును చూచి జనులు శిల్పిని మెచ్చుకొందురు. పటమును చూచి చిత్రకారుని కొనియాడుదురు. కాని, తన పని ఎవరి కంటను పడకుండుటయే తన గెలుపుగా తలచు పనివాడొకడు కలడు. అతడే చలనచిత్రములకు మాయాదృశ్యములను సమకూర్చువాడు. అతని విద్యను ‘విజువల్ ఎఫెక్ట్స్’ అందురు. జనులు వాడుకలో ‘గ్రాఫిక్స్’ అని పిలుతురు.

ఈ విద్య తెలుగువారికి క్రొత్తది కాదు. 1957లో వెలువడిన ‘మాయాబజార్’ చిత్రమున లడ్డులు తమంత తామే ఎగిరి ఘటోత్కచుని నోట పడుచుండెను. కంప్యూటరు లేని ఆ దినములలో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే తన కెమెరా నేర్పుతో ఆ చిత్రమునకు మాయను సమకూర్చెను. 2012లో వచ్చిన ‘ఈగ’ చిత్రమున కథానాయకుడైన ఈగను కంప్యూటరుపై సృష్టించిరి. సాధనములు మారినవే కాని, కంటిని నమ్మించు పని మారలేదు.

ఈ వృత్తిలో చేరగోరు యువతీయువకులు రాక్షసులను, కూలిపోవు కోటలను కల్పింతుమని కలలు కందురు. కాని వారిలో పెక్కుమందికి మొదట లభించు పని ‘రోటోస్కోపీ’. నటుని రూపమును వెనుకనున్న దృశ్యమునుండి వేరుచేయుటకై అతని అంచు వెంబడి గీత గీయుటయే ఈ పని. కదలు బొమ్మలపై గీతలు దింపు రోటోస్కోపు యంత్రమునకు మాక్స్ ఫ్లైషర్ 1917లో అమెరికాలో పేటెంటు పొందెను. ఆ పేరే నేటికిని నిలిచియున్నది.

చలనచిత్రమున సాధారణముగా సెకనుకు 24 చిత్రములు కదలును. 10 సెకనుల దృశ్యమునకు 240 చిత్రములు కావలెను. క్రొత్తగా చేరినవాడు ప్రతి చిత్రమునను గీతను మరల మరల గీయును. విడివిడిగా చూచిన అన్నియు చక్కగానే యుండును. కదిలించి చూచినచో అంచు చలిజ్వరము తగిలినట్లు వణకును. పర్యవేక్షకుడు ఆ పనిని త్రిప్పి పంపును. తలకు, భుజమునకు, ముంజేతికి, వ్రేళ్లకు వేర్వేరు గీతలు గీసి, కదలిక మారు చోట్ల వానిని సవరింపవలెను. నడిమి చిత్రములను కంప్యూటరు పూరించును. చేయి ఏ క్షణమున దిశ మార్చుకొనునో కనిపెట్టుట చేతిపని కాదు, కంటిపని.

పిమ్మట తీగెలను తుడిచివేయుట, కెమెరా కదలికను లెక్కగట్టుట నేర్తురు. వేర్వేరు చోట్ల తీసిన దృశ్యములను ఒక్కటిగా కలుపు ‘కంపోజిటింగు’ ఆపై మెట్టు. వెలుగు ఎడమనుండి వచ్చుచుండగా నీడయు ఎడమకే పడినచో, తప్పేమో చెప్పలేకపోయినను ప్రేక్షకుని మనస్సు నమ్మదు. కావున విద్యార్థి సాయంకాలపు నీడలను, నీటిపై మెరయు వెలుగును, దూరపు కొండల మసకను శ్రద్ధతో చూడవలెను. బ్లెండర్ వంటి సాధనము వెల లేకయే దొరకును. చూపు మాత్రము సాధనచేతనే అలవడును.

ఉద్యోగమునకు పోవువాడు తన పనిని ఒకటి రెండు నిమిషముల ‘షోరీలు’గా కూర్చి చూపవలెను. అందు తాను చేసిన భాగమేదో దాపరికము లేక తెలుపవలెను.

ఈ దారిలో ముండ్లును కలవు. 2013 ఫిబ్రవరిలో ‘లైఫ్ ఆఫ్ పై’ చిత్రమునకు ఈ విద్యలో ఆస్కారు బహుమానము లభించెను. అందలి పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ అప్పటికి కొద్ది దినముల ముందే దివాలా తీసి న్యాయస్థానము నాశ్రయించెను. ఆ సంస్థకు హైదరాబాదునందును శాఖ యుండెను. కీర్తి వచ్చిన చోట జీతము నిలుచునను నియమము లేదు. నేడు అంచులు గీయు పనిని కొంతవరకు యంత్రములే చేయుచున్నవి. గీయుట మాత్రమే నేర్చినవాని స్థానమును యంత్రము ఆక్రమింపవచ్చును. ఆ యంత్రము చేసిన తప్పును పట్టుకొనుటకైనను చూడ నేర్చిన కన్ను కావలెను.

చిత్రము ముగియగనే తెరపై వందలకొలది పేర్లు ప్రాకిపోవును. వానిని చదువువారు అరుదు. అయినను, తెరపై పులిని చూచి ముందువరుసలోని బాలుడొకడు బెదరి తల్లి కొంగు పట్టుకొనినచో, ఆ పేరులేని పనివాని శ్రమ ఫలించినట్లే.