కాఫీ కొండల నుంచి అక్కకు

చిక్కమగళూరు, జనవరి

అక్కా,

క్షేమంగా చేరాను. బాబా బుడన్ గిరి ఎక్కి వచ్చాను. పదిహేడో శతాబ్దంలో బాబా బుడన్ అనే ఫకీరు మక్కా నుంచి తిరిగొస్తూ యెమెన్‌లోని మోఖా రేవులో ఏడు గింజలు దాచుకుని తెచ్చి ఈ కొండ మీద నాటాడంటారు. నిజమెంతో గానీ, ఎవర్నడిగినా ఏడే అంటారు, ఆరూ అనరు, ఎనిమిదీ అనరు.

అవి అరబికా గింజలు. దాని పుట్టిల్లు ఇథియోపియా కొండలు. ఎక్కడికెళ్ళినా పుట్టింటి మర్యాదలే జరగాలి దానికి. ఎత్తు కావాలి, చల్లదనం కావాలి, నెత్తిన నీడ కావాలి. ఇక్కడ వెయ్యి మీటర్లు దాటాక గానీ బాగా రాదట. సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. అచ్చం మన అరకే. అక్కడ పండేదీ అరబికాయే కదా.

ఎస్టేటు మేస్త్రీ గుప్పెడు గింజలు చేతిలో పోశాడు. అరబికా గింజ కాస్త నిడుపుగా, ఒక పక్క చదునుగా ఉంటుంది. మధ్య గాటు తిన్నగా ఉండదు, వంకర తిరుగుతుంది. పండు కోసిన రోజే పల్పర్‌లో వేసి తోలు తీస్తారు. జిగురు వదిలేదాకా పులియబెట్టి, కడిగి, కళ్ళంలో ఎండబోస్తారు. అప్పుడు దాని పేరు పార్చ్‌మెంట్. పై పొర మర ఆడించాక ప్లాంటేషన్. ఈ శ్రమంతా లేకుండా పండును పండుగానే ఎండబెడితే చెర్రీ. కాఫీ పొడి కొట్లో బోర్డు చూసి ఇవన్నీ వేర్వేరు జాతులనుకుంటారు చాలామంది. జాతి ఒకటే, ఎండబెట్టే తీరే వేరు.

బాళెహొన్నూరు

అక్కా,

ఇక్కడి పరిశోధనా కేంద్రం 1925 నాటిది. ఎందుకు పెట్టాల్సొచ్చిందో తెలియాలంటే సింహళం సంగతి చెప్పుకోవాలి. 1869లో అక్కడ ఆకులకు తుప్పు తెగులు కనిపించింది. ఆకు అడుగున నారింజరంగు పొడి, తర్వాత ఆకు రాలడం, ఆపైన కొమ్మ ఎండడం. కొన్నేళ్ళకే ఆ ద్వీపంలో కాఫీ తుడిచిపెట్టుకుపోయి, ఆ నేలల్లో టీ మొక్కలు వచ్చాయి. తెగులు మన కొండల్నీ వదల్లేదు. దాన్ని తట్టుకునే మొక్కల కోసమే ఇక్కడ ఇంత వెతుకులాట.

ఆ వెతుకులాటలో అక్కరకొచ్చింది లైబీరికా. పశ్చిమాఫ్రికా జాతి. అది మొక్క అనిపించుకోదు, చెట్టే. పెద్ద ఆకు, పెద్ద కాయ. మలేషియాలో, ఫిలిప్పీన్స్‌లో ఇష్టంగా తాగుతారు. మన బజార్లో దాని పేరే వినం. అయినా మనం తాగే అరబికాలో దాని పాలు కొంత ఉంది. 1940ల్లో ఇక్కడినుంచి రైతులకిచ్చిన ఎస్.795 అనే రకంలో లైబీరికా అంశ కలిసింది. ఆ రకం ఇప్పటికీ తోటల్లో విరివిగా ఉంది.

బావగారి పీబెర్రీ సంగతి కూడా అడిగాను. ఒక్కో పండులో రెండేసి గింజలుండాలి. ఒకటే ఎదిగితే అది గుండ్రంగా తయారవుతుంది. అంతే, అది వేరే జాతి కాదు. ఏ చెట్టుకైనా కొన్ని అలా కాస్తాయి. ఏరడానికి కూలి ఎక్కువ, దొరికేది తక్కువ, అందుకే అంత ధర. ఈ ముక్క ఆయనకి నువ్వే చెప్పు, నా వల్ల కాదు.

సిద్దాపుర, కొడగు

అక్కా,

కొండ దిగేకొద్దీ చెట్టు మారిపోయింది. ఇది రోబస్టా రాజ్యం. ఆకు వెడల్పు, కాపు గుత్తులు గుత్తులు. పండాక కూడా తొందరగా రాలదు. అరబికా రైతును ఏడిపించే కాండం తొలిచే పురుగు దీని జోలికి పెద్దగా రాదు. తుప్పు తెగులునూ తట్టుకుంటుంది. గింజ గుండ్రం, గాటు తిన్నన. అరబికాలో కెఫీన్ నూటికి ఒకటింబావు పాలుంటే ఇందులో దాదాపు రెట్టింపు. ఆ చేదే దానికి కాపలా.

అమ్మ ‘రోబస్టానా, ఛీ’ అనేది గుర్తుందా? మన దేశంలో పండే కాఫీలో నూటికి డెబ్బై పాళ్ళు ఇదే. పైగా అరబికాకి ఇది కన్నవాళ్ళలో ఒకటి! ఎప్పుడో పూర్వం రోబస్టా, యూజెనియాయిడీస్ అనే మరో జాతీ అడవిలో వాటంతటవే కలిసి అరబికా పుట్టిందని శాస్త్రజ్ఞులు తేల్చారు. రోబస్టాకి 22 క్రోమోజోములు, అరబికాకి 44.

నా తీర్పు చెప్తాను. పాలు పొయ్యకుండా తాగేవాళ్ళకి అరబికాయే సరి, ఆ సువాసన, సన్నటి పులుపు దానికే ఉన్నాయి. మనమో, చిక్కటి పాలు పోసి చక్కెర వేస్తాం. అందులో ఒట్టి అరబికా నోటికి ఆనదు. కడిగి ఎండబెట్టిన మంచి రోబస్టా కొంచెం కలిస్తేనే డికాక్షన్‌కి కండ వస్తుంది. ఆ కండ కోసం కొట్లవాళ్ళు చికోరీ కలుపుతారు. అది కాఫీయే కాదు, ఒక మొక్క వేరు. నూటికి 49 పాళ్ళ దాకా కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది కూడా.

కాబట్టి ఈసారి పొడి పట్టించేటప్పుడు మూడు వంతులు ప్లాంటేషన్, ఒక వంతు కడిగిన రోబస్టా, అదే రోబస్టా పార్చ్‌మెంట్, వెయ్యమను. చికోరీ వద్దని గట్టిగా చెప్పు. పాకెట్టు కొంటే దాని శాతం పైన అచ్చువేసి ఉంటుంది, కళ్ళద్దాలు పెట్టుకుని చదివి మరీ కొను.

నీ తమ్ముడు