ఒక్క ఫొటో వేసిన మచ్చ!

శాన్‌హోజే నుంచి దక్షిణంగా గంట ప్రయాణం. సిలికాన్ వ్యాలీ అద్దాల మేడలు వెనకబడిపోతాయి. గిల్‌రాయ్ దగ్గర కారు అద్దం దించితే గాలిలో వెల్లుల్లి వాసన. అక్కణ్నుంచి 25వ నంబరు రోడ్డెక్కితే అటూ ఇటూ కూరగాయల మడులు, పండ్ల తోటలు, దూరంగా ఎండిన గడ్డితో బంగారు రంగులో మెరిసే కొండలు. ఆ రోడ్డు తీసుకెళ్లి దింపేది హోలిస్టర్ అనే ఊళ్లో. బే ఏరియాలో ఉండే తెలుగువాళ్లు పినకిల్స్ నేషనల్ పార్కు చూడ్డానికి వెళ్లేది చాలావరకూ ఈ ఊరి మీదుగానే. పెట్రోలు కొట్టించుకుని, కాఫీ తాగి ముందుకు సాగిపోతారు. మోటారుసైకిలంటే ప్రాణం పెట్టేవాళ్లకి మాత్రం ఇదో తీర్థం. ఎందుకంటే ‘బైకర్’ అనగానే తోలుకోటు, గడ్డం, చేతిలో బీరుసీసా గుర్తొస్తున్నాయంటే ఆ బొమ్మ పుట్టిందిక్కడే!

ఊరంత జనం... ఊరి మీదికి!

హోలిస్టర్‌కి మోటారుసైకిళ్లు కొత్తేం కాదు. 1930ల్లోనే ఇక్కడ పందేలు జరిగేవి. రెండో ప్రపంచయుద్ధం రావడంతో ఆగిపోయాయి. యుద్ధం ముగిసింది. సైనికులు ఇళ్లకు తిరిగొచ్చారు. సైన్యం వాడి వదిలేసిన హార్లీలు, ఇండియన్‌లు చవగ్గా దొరికాయి. ఉద్యోగం, ఇల్లు, సంసారం అంటూ ఒక్కసారిగా కుదురుకోవడం కొందరికి చేతకాలేదు. తమలాంటి నలుగురితో కలిసి రోడ్డు మీద తిరగడమే వాళ్లకు హాయిగా తోచింది. క్లబ్బులు పుట్టాయి.

1947 జులై 4, అమెరికా స్వాతంత్య్ర దినోత్సవం. ఆ సెలవులకి హోలిస్టర్‌లో అమెరికన్ మోటారుసైక్లిస్ట్ అసోసియేషన్ గుర్తింపుతో ‘జిప్సీ టూర్’ పెట్టారు. పందేలు మళ్లీ మొదలయ్యాయని ఊళ్లో వ్యాపారులు సంబరపడ్డారు. అప్పటి జనాభా సుమారు 4,500. వచ్చినవాళ్లు దాదాపు 4,000 మంది అని ఆనాటి కథనాలు చెబుతాయి. వీళ్లందరికీ కలిపి ఊళ్లో పోలీసులు ఏడుగురు!

హోటళ్లు చాల్లేదు. పార్కుల్లో, గడ్డివాముల మీద, ఇళ్ల ముందు పచ్చికలో పడుకున్నారు. పెద్దబజారైన శాన్ బెనిటో వీధిలోనే పందేలు వేసుకున్నారు. కొందరు మోటారుసైకిళ్లతో సహా బార్లలోకి దూరారు. సీసాలు పగిలాయి. కొట్లాటలయ్యాయి. దెబ్బలు తగిలినవాళ్లు, తాగి గొడవ చేసినందుకూ, అడ్డదిడ్డంగా నడిపినందుకూ అరెస్టయినవాళ్లు పదుల సంఖ్యలో ఉన్నారు. చివరికి హైవే పోలీసులు దిగారు. బార్లు త్వరగా మూయించారు. వీధిలో బ్యాండు పెట్టించి, జనాన్ని అటు మళ్లించారు. రెండ్రోజులు పోయాక ఊరు చిమ్ముకుంటే మిగిలింది గాజుపెంకుల కుప్పలే. ప్రాణాలు పోలేదు. ఇళ్లు తగలబడలేదు.

రగడ జరిగిందన్నది నిజం. అయితే అది ఓ పెద్ద తిరనాళ్లలో తాగి చేసే అల్లరి స్థాయిదే. అలాగే ఉండిపోతే రెండేళ్లకు ఊళ్లోవాళ్లే మర్చిపోయేవారేమో!

సీసాలు పేర్చింది ఎవరు?

‘శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్’ తరఫున బార్నీ పీటర్సన్ అనే ఫొటోగ్రాఫర్ ఊళ్లోకొచ్చాడు. ఆయన తీసిన ఓ బొమ్మ జులై 21న ‘లైఫ్’ పత్రికలో పేజీ నిండా అచ్చయింది. హార్లీ మీద వెనక్కి వాలి కూర్చున్న భారీ మనిషి. రెండు చేతుల్లో రెండు సీసాలు. బండి చక్రాల కింద ఖాళీ సీసాల గుట్ట. పక్కన వివరాలు నాలుగు ముక్కల్లో. అమెరికాలో ఇంటింటికీ వెళ్లే పత్రిక అది. హోలిస్టర్ ఎక్కడుందో తెలియనివాళ్లకు కూడా ఆ బొమ్మ మాత్రం గుర్తుండిపోయింది.

ఆ ఫొటోలో వెనకాల నిలబడి మరో వ్యక్తి కనిపిస్తాడు. పేరు గస్ డెసర్పా. ఊళ్లోని సినిమాహాల్లో ఆపరేటరు. చాలా ఏళ్ల తర్వాత ఆయన చెప్పిన సంగతి వేరు. కొందరు వీధిలో పడున్న సీసాలు పోగేసి బండి చుట్టూ పేర్చారట. బార్లోంచి బయటికొచ్చిన ఓ తాగుబోతుని దాని మీద కూర్చోబెట్టారట. అది తప్పనిపించి, బొమ్మ చెడగొడదామనే తాను వెనక నిలబడ్డానని చెప్పాడాయన. ఫొటో చెడలేదు సరికదా, ఆయనా అందులో ఇరుక్కుపోయాడు! ‘మోటారుసైక్లిస్ట్’ పత్రిక సంపాదకుడు పాల్ బ్రోకా కూడా ఇది కావాలని అమర్చి తీసిందేనంటూ అప్పట్లోనే ‘లైఫ్’కు లేఖ రాశాడు. లేఖ ఎంతమంది చదివారో కానీ, బొమ్మ అందరూ చూశారు.

కథయింది... సినిమా అయింది

1951 జనవరిలో ‘హార్పర్స్’ పత్రికలో ఫ్రాంక్ రూనీ ఓ కథ రాశాడు. ఓ చిన్న ఊరి మీద మోటారుసైకిళ్ల దండు పడటమే ఇతివృత్తం. దాన్నే 1953లో ‘ది వైల్డ్ వన్’గా తెరకెక్కించారు. హీరో మార్లన్ బ్రాండో. తోలుకోటు, ఓరగా పెట్టిన టోపీ, ట్రయంఫ్ థండర్‌బర్డ్ బండి. షూటింగ్ జరిగింది హోలిస్టర్‌లో కాదు, స్టూడియో స్థలంలో. బ్రిటన్ సెన్సార్‌వాళ్లు దీన్ని 1967 దాకా అనుమతించలేదు. తమ బండి రౌడీల చేతిలో కనిపించడమేమిటంటూ ట్రయంఫ్ దిగుమతిదారు గోలపెట్టాడు. కుర్రాళ్లు మాత్రం అలాంటి కోటు కోసం దుకాణాలకు పరుగెత్తారు. అల్లరిమూకను చూసి భయపడాలని చెప్పబోయిన సినిమా, వాళ్లలా ఉండటమే గొప్పన్నట్టు చేసిపెట్టింది!

బైకర్లలో నూటికి తొంభై తొమ్మిది మంది మంచివాళ్లేననీ, ఒక్కశాతమే చెడ్డవాళ్లనీ అమెరికన్ అసోసియేషన్ అన్నట్టు ఓ మాట ప్రచారంలోకొచ్చింది. ముఠాలుగా తిరిగే కొన్ని క్లబ్బులు ‘మేమే ఆ ఒక్కశాతం’ అని కోట్ల మీద బిళ్లలు కుట్టించుకున్నాయి. అలాంటి ప్రకటన చేసినట్టు తమ రికార్డుల్లో ఎక్కడా లేదని ఆ సంఘం తర్వాత చెప్పింది. మళ్లీ అదే తంతు... జరిగిందో లేదో తెలియని దాని మీద ఓ ముద్ర నిలబడిపోయింది.

ఈ ముద్రని వ్యాపారంగా మార్చుకున్నది హోండా. తమ బండి ఎక్కేవాళ్లంతా మర్యాదస్థులేనని 1960ల్లో అమెరికా అంతటా ప్రచారం చేసింది. ఆ బొమ్మల్లో తల్లులు, విద్యార్థులు, సూట్లు వేసుకున్న ఉద్యోగులు కనిపించేవారు. చిన్న బళ్లు బ్రహ్మాండంగా అమ్ముడుపోయాయి.

ఆ వరస వెనక...

ముప్ఫై బళ్లు బారులు తీరి వస్తుంటే రోడ్డు పక్కవాళ్లకు దండయాత్రలాగే తోస్తుంది. హైదరాబాద్ నుంచి ఆదివారం పొద్దున్నే శ్రీశైలం దారి పట్టే బృందాల్ని చూసినా టీకొట్టు దగ్గర పెద్దాయన ‘రేసులకా?’ అనే అడుగుతాడు. నిజానికి ఆ వరసంతా జాగ్రత్త కోసం. దారి తెలిసినవాడు ముందుంటాడు. కొత్తవాళ్లు అతని వెనకే. చెయ్యి తిరిగిన మరొకడు అందరికంటే చివర... ఎవరి బండి ఆగినా చూసుకునే బాధ్యత అతనిది. ఒకరి వెనక ఒకరు కాకుండా కుడి, ఎడమ, కుడి, ఎడమగా వెళతారు. తనముందు అదే వరసలో ఉన్న బండికి రెండు సెకన్ల దూరం తప్పనిసరి. మలుపొస్తే ఒంటి వరస. ముందువాడు కాలితో చూపితే ఆ పక్కన గుంత ఉందని అర్థం. ఇందులో ఎక్కడా తొందరకి చోటు లేదు. సైలెన్సర్ పీకేసి, ఊరి మధ్యలో రయ్యిమనిపించే ఒక్కడు చాలు, మిగతా ఇరవై తొమ్మిది మంది క్రమశిక్షణ గాలికిపోవడానికి.

2012లో సిడ్నీలో మార్క్ హావా అనే ఆయన మరోదారి ఎంచుకున్నాడు. సూటూబూటూ వేసుకుని పాతబండి మీద కూర్చున్న ఓ టీవీ సీరియల్ హీరో ఫొటో చూసి, అలా ముస్తాబై అందరూ కలిసి తిరిగితే ఎలా ఉంటుందనుకున్నాడు. అలా మొదలైన ‘డిస్టింగ్విష్డ్ జెంటిల్‌మెన్స్ రైడ్’ వంద దేశాల దాకా పాకింది. హైదరాబాద్‌కూ వచ్చింది. ప్రోస్టేట్ క్యాన్సర్ పరిశోధనకీ, మగవాళ్ల మానసిక ఆరోగ్యానికీ విరాళాలు పోగు చేస్తుంది. ఇదీ ఓ ఫొటో మహిమే!

పిలిచింది ఆ ఊరే!

మరి దెబ్బతిన్న ఊరు ఏం చేసింది? 1997లో యాభై ఏళ్లయిన సందర్భంగా బైకర్లను రమ్మని పిలిచింది! శాన్ బెనిటో వీధి పొడవునా బళ్లు మెరిశాయి. హోటళ్లు కిటకిటలాడాయి. ఏటా జరపాలనుకున్నారు. కానీ అంతమంది వస్తే బందోబస్తు ఖర్చు భరించడం చిన్న ఊరికి మాటలు కాదు. ఆ కారణంతోనే 2006లో నగరపాలకులు ఆపేశారు. తర్వాత మళ్లీ మొదలైంది కానీ నిలకడగా సాగలేదు. 1947లో ఏడుగురు పోలీసులతో ఇబ్బంది పడ్డ ఊరికి, యాభై ఏళ్లు దాటాక కూడా ఎదురైన లెక్క అదే... వచ్చేవాళ్లు ఎలాంటివాళ్లన్నది కాదు, అంతమందిని కాచుకోవడానికి ఎంతవుతుందన్నది!

హోలిస్టర్‌లో జనాభా ఇప్పుడు నలభై వేలు దాటింది. ఊరి కింద కాలవెరాస్ అనే భూకంపరేఖ ఉంది. అది పెద్ద చప్పుడు చేయదు. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున జరుగుతూ ఉంటుంది. కొన్ని వీధుల్లో కాలిబాట అంచులు, ప్రహరీలు వంకర తిరిగి కనిపిస్తాయి. వాటిని వెతుక్కుంటూ భూగర్భశాస్త్ర విద్యార్థులు వస్తారు. 1947 నాటి వీధిని వెతుక్కుంటూ బైకర్లు వస్తారు. బండి ఆపి, హెల్మెట్ తీసి, ఒక ఫొటో దిగుతారు. ఈసారి చక్రాల కింద సీసాలుండవు.