మా ఇంటి భూతం

మా ఇంట్లో ఒక భూతం ఉందంటే మీరు నవ్వుతారు. నవ్వండి, ఉన్నమాటే. రోజూ రాత్రి రెండు గంటలకు లేస్తుంది, తన పని చేసుకుని పడుకుంటుంది. దాన్ని తెచ్చిపెట్టినవాణ్ణి నేనే.

కంప్యూటరులో ఎవరికీ కనపడకుండా వెనక పనిచేసే ప్రోగ్రామును "డీమన్" అంటారు. 1963లో అమెరికాలో, ఎం.ఐ.టి.లోని ప్రాజెక్ట్ మాక్ వాళ్ళు ఈ పేరు పెట్టారు. మాక్స్‌వెల్ అనే భౌతికశాస్త్రవేత్త అణువులను ఏరి వేరుచేసే ఒక భూతాన్ని ఊహించాడు. ఆ భూతం పేరే దీనికీ వచ్చింది. ఈ సంగతి చెబితే మా అమ్మ, "మరో పేరు దొరకలేదుట్రా వాళ్ళకి?" అంది.

నా భూతానికి అప్పజెప్పిన పని చిన్నదే. ఇంటి కంప్యూటరులోని ఫోటోలూ, వీడియోలూ, నాన్నగారి కథలూ రాత్రికి రాత్రి రెండో డిస్కులోకి నకలు తీయడం.

నాన్నగారి కథలంటే చెప్పాలి. 2021 దసరా సెలవుల్లో మా అమ్మాయి మొదలుపెట్టింది. భోజనాలయ్యాక ఆయన పక్కన చేరి, ఫోను ముందు పెట్టి, "చెప్పు తాతా" అనేది. నాన్నగారు రిటైరయిన తెలుగు మేష్టారు. ఏ కథా ఒక్క రాత్రిలో తెమల్చేవారు కారు. మంచి పట్టులో ఆపి, "తక్కినది రేపు" అనేవారు. సీరియళ్ళు చదివి పెరిగిన మనిషి మరి! అమ్మాయి ఫోనులో చోటు చాలక, కథలను ఎప్పటికప్పుడు కంప్యూటరులోకి ఎక్కించి ఫోనులోంచి తుడిచేసేవాళ్ళం.

2022 డిసెంబరులో ఆయన వెళ్ళిపోయారు. తరవాత ఆ కథలు తెరవడానికి నాకు మనసు రాలేదు. మరుసటి ఏడు మొదటి డిస్కు పాడయింది. నేనేం కంగారుపడలేదు. నకలు ఉందిగా! కొత్తది కొని బిగించాను. సంవత్సరీకం నాడు, భోక్తలు వెళ్ళిపోయాక, అమ్మ వచ్చి, "ఒరే, మీ నాన్నగారి గొంతు ఒక్కసారి వినిపించరా" అంది.

రెండో డిస్కు తెరిచాను. కథలు 2022 మాఘమాసం దాకా ఉన్నాయి. ఆ పైన ఒక్కటీ లేదు.

మాఘంలో మా బావమరిది పెళ్ళి. మూడు కెమెరాలతో తీసిన ఆ వీడియోలన్నీ మా ఇంటికే చేరాయి. డిస్కు నిండిపోయింది. నాటినుంచి నా భూతం ప్రతి రాత్రీ లేచి, నకలు తీయబోయి, "చోటు లేదు" అని అరిచి పడుకుంది. నాన్నగారు బతికున్న పది నెలలూ అరిచింది. పోయాక కూడా అరిచింది. ఎవరికీ వినపడలేదు.

ఎందుకు వినపడలేదంటే దాని నోరు నేనే మూశాను గనక. యూనిక్సు తరహా కంప్యూటర్లలో ప్రతి ప్రోగ్రాముకూ మూడు దారులుంటాయి. సున్నా నంబరుది వినడానికి, ఒకటో నంబరుది ఫలితం చెప్పడానికి, రెండోది తప్పు జరిగితే మొర పెట్టుకోడానికి. ఈ రెండో దారి మొదట్లో లేదు. 1970లలో బెల్ ల్యాబ్స్‌లో, అచ్చుయంత్రానికి పంపిన కాయితం మీద అసలు విషయానికి బదులు తప్పు కబురే అచ్చయి వచ్చేదట. అందుకని వేరు చేశారు. భూతానికి ఎదురుగా తెర ఉండదు. అంచేత ఆ రెండు దారులనూ "డెవ్ నల్" అనే పాడునూతిలోకి తిప్పేయడం మాబోటి వాళ్ళకు అలవాటు. అందులో పడింది మళ్ళీ పైకి రాదు.

"అరిచేవాళ్ళ నోరు మూయడం మీకు కొత్తా ఏమన్నానా?" అంది మా ఆవిడ. నేను మాట్లాడలేదు. చెడిన డిస్కును బాగుచేసేవాళ్ళ దగ్గరికి మోశాను. లోపలి పళ్ళెం గీసుకుపోయిందనీ, ఏమీ రాదనీ చెప్పేశారు.

ఆ రాత్రే కూర్చుని, పాడునూతి తీసేసి, రెండో దారిని "లాగర్" అనే చిన్న ఆదేశానికి కలిపాను. అది ప్రతి మొరనూ అందుకుని, పేరూ వేళా వేసి, కంప్యూటరు దినచర్యలో రాయిస్తుంది. ఆ దినచర్య పేరు సిస్‌లాగ్. 1980లలో బర్క్‌లీలో ఎరిక్ ఆల్‌మన్ అనే ఆయన తన సెండ్‌మెయిల్ కోసం దీన్ని తయారుచేశాడు. (2010లో పుట్టిన సిస్టమ్‌డి చేతికి అప్పగిస్తే, మనం అడగకపోయినా మొరలను పట్టి రాసిపెడుతుంది. మాది పాతకాలపు ఏర్పాటు.)

పరీక్షకని నకలు చేరాల్సిన చోటు పేరు కావాలని తప్పు రాశాను. దినచర్యలో మొర పడింది గాని, నాకు రావలసిన హెచ్చరిక రాలేదు. చూస్తే, సిస్‌లాగ్‌లో తీవ్రతకు సున్నా నుంచి ఏడు దాకా అంకెలున్నాయి. సున్నా అంటే కొంప మునిగింది. మూడు అంటే తప్పు. ఏడు ఉత్త కబుర్లు. మనం చెప్పకపోతే లాగర్ అన్నిటికీ అయిదే వేస్తుంది. చావుకబురూ, కాఫీపొడి అయిపోయిన కబురూ ఒకే గొంతుతో అన్నమాట! మూడు వేయమన్నాను. మూడూ అంతకు తక్కువా పడితే తెల్లారేసరికి నా ఫోనుకు వచ్చేలా చేశాను.

మర్నాడు అమ్మ, నేనూ కూర్చుని మిగిలిన కథలు విన్నాం. ఆఖరిది 1953 ఆగస్టు గోదావరి వరద. అప్పటికి నాన్నగారికి ఎనిమిదేళ్ళు. నీళ్ళు వీధి అరుగెక్కాయి. దూడ కట్టుతాడు ఎవరూ విప్పలేదని ఆయనకు గుర్తొచ్చింది. "తక్కినది రేపు" అన్నారు. అంతే.

అమ్మ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. "తాడు విప్పింది ఆయన కాదురా. ఊరికే గొప్పలు. వాళ్ళ అక్కయ్య విప్పింది. పెళ్ళయిన కొత్తలో ఆవిడే నాకు చెప్పింది" అంది.

అమ్మాయి చప్పుడు కాకుండా ఫోను తెచ్చి అమ్మ ముందు పెట్టింది. ఆ కథ మూడు రాత్రులు సాగింది. ఇప్పుడు పొద్దున్నే కాఫీ గ్లాసు చేతికిస్తూ అమ్మ అడుగుతుంది: "రాత్రి నీ భూతం ఏమన్నా అందా?"