‘దగ్గర’ యను మాటకు ఇంగ్లీషు

మన తెలుగున ‘దగ్గర’ యను మాట మిక్కిలి యుపకారము చేయునది. ఏరు ఊరి దగ్గర నున్నది. పిల్లవాడు తల్లి దగ్గర నున్నాడు. పుస్తకము నా దగ్గర నున్నది. బండి వంతెన దగ్గర నిలిచినది. ఈ నాలుగింటికిని ఒక్క మాటయే చాలినది. ఇంగ్లీషున నట్లు కాదు. ఏటికి నియర్, తల్లికి విత్, పుస్తకమునకు హావ్ అను క్రియ, వంతెనకు ఎట్ తగియుండును. అన్నిటికిని నియర్ అని వ్రాయు విద్యార్థికి వ్యాకరణము రాక కాదు. వ్రాయుటకు ముందు ఆ వస్తువులెట్లున్నవో మనసున చూచుకొనకపోవుటయే కారణమని బోధనానుభవమున నాకు తోచినది.

మన ప్రాంతమునే యుదాహరణముగా గొందము. భద్రాచలము గోదావరికి ‘ఆన్’ ఉన్నదని ఇంగ్లీషున వ్రాయుదురు. ఆన్ అనగా ‘పైన’ అని మాత్రమే నేర్చిన బాలునకు ఊరు పడవవలె నీటిపై తేలుచున్నట్లు తోచును. అచ్చట దాని భావము ‘ఒడ్డున’ అని. గట్టున నొక చెట్టున్నచో అది నదికి బై, లేక బిసైడ్, అనగా ప్రక్కనే. బిసైడ్ చివర ఒక్క ‘ఎస్’ చేర్చి బిసైడ్స్ అన్నచో ‘అదియును గాక’ యని యర్థము మారును. ఆవలి యొడ్డుననున్న సారపాక అక్రాస్ ది రివర్. చూపునకది దగ్గరయే, కాని 1965లో వంతెన ప్రారంభమగువరకు వరదకాలమున ఆ దగ్గర యెంత దూరమో పడవవారికి తెలియును.

కొత్తగూడెములోని రైల్వేస్టేషనునకు భద్రాచలం రోడ్ అని పేరు పెట్టిరి. అచ్చటినుండి క్షేత్రము సుమారు 40 కిలోమీటర్లు. ‘ఇది ఆ యూరు కాదు, ఆ యూరికి పోవు మార్గము’ అని రోడ్ అను మాట చెప్పుచున్నది. దానిని గమనింపని యాత్రికుడు దిగినంతనే గోపురముకొరకు వెదకును.

నెక్స్ట్ టు, ఇన్ అను వానిని గూడ కలుపరాదు. 2014లో రాష్ట్రవిభజన జరిగిన పిమ్మట భద్రాచల పట్టణము తెలంగాణమునందును, దాని నానుకొనిన కొన్ని గ్రామములు ఆంధ్రప్రదేశమునందును నిలిచినవి. ఆ గ్రామములు పట్టణమునకు నెక్స్ట్ టు. కాని తెలంగాణమునకు ఇన్ కావు. పొలము ఒకచోట, సంత మరియొకచోట గల కుటుంబమునకు ఈ రెండు మాటల భేదము అర్జీ ఏ కచేరీకి పంపవలయునో నిర్ణయించును.

అంతకంటె గొప్ప కారణము వరద. భద్రాచలమువద్ద నీరు 43 అడుగులకు చేరినచో మొదటి ప్రమాదహెచ్చరికయు, 48కి రెండవదియు, 53కి మూడవదియు ప్రకటింతురు. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు నీరు వచ్చినది. అధికారులకు కొలతబద్ద కలదు. ఇంటిలోనున్నవానికి మాటయే కొలతబద్ద. దూరమునగల బంధువునకు ఇంగ్లీషున కబురు పంపునపుడు నీరు ఇంటికి నియర్ అన్నచో, మూట కట్టుకొనుటకు వ్యవధి యున్నదని వాడు తలచును. ఎట్ ది డోర్ అన్నచో వెంటనే లేచును. ఇన్ ది హౌస్ అన్నచో పడవను వెదకును.

కావున విద్యార్థులారా, ‘దగ్గర’కు ఇంగ్లీషేమి యని యడుగకుడు. తాకుచున్నదా, ప్రక్కనున్నదా, ఎదుటనున్నదా, లోపలనున్నదా, కొంత యెడమున్నదా యని మొదట మిమ్ములను మీరే యడుగుకొనుడు. ఉన్నది ఉన్నట్లు చూచినవానికి తగిన మాట దొరకుట కష్టము కాదు. మీ మాటను నమ్మి బయలుదేరువాడొకడు ఆవలి యొడ్డున నుండవచ్చునని మరువకుడు.